దొరగారి పటంలో మూడో జాగిలం

మా లార్డ్ స్కెల్బెక్ దొరగారికి కళ్ళు కనిపించవన్న సంగతి ఆ ఏడాది అక్టోబరు నాటికి లోకంలో ముగ్గురికే తెలుసు. ఒకరు ఆయనే. రెండోవాణ్ణి నేను, ఏమస్ పెల్‌ని, ఇరవై ఐదేళ్ళుగా ఆయన జాగిలాలను నక్కల వేటకు నడిపిస్తున్నవాణ్ణి. మూడో మనిషి నా భార్య హెస్టర్. ఆమెకు నేను చెప్పలేదు. నిద్రలో వాగానట.

పూర్తిగా చీకటి అనడానికి లేదు. వెలుగూ నీడా తెలిసేవి. పొలంలో గుర్రం కదిలితే ఏదో కదిలిందని తెలిసేది. ఎదురుగా ఉన్న మనిషి మొహం మాత్రం తుడిచేసిన పలకలా ఉంటుందని ఒకసారి నాతో అన్నారు. అటువంటి మనిషి వారానికి నాలుగు రోజులు ఎర్రకోటు తొడుక్కుని, లింకన్‌షైర్ పొలాల్లో కంచెలు దూకుతూ, సగం మంది కుర్రదొరలకన్నా ముందు స్వారీ చేస్తున్నారు. ఎలాగంటే, నా నోటి చలవ వల్ల.

నేను ఆయనకు రెండు గుర్రాల దూరం ముందు ఉండేవాణ్ణి. ఎదర ముళ్ళకంచె వస్తే "రాంటర్, వెనక్కి!" అని అరిచేవాణ్ణి. కట్టెల కంచె అయితే "ట్రింకెట్, సిగ్గులేదూ!" అనేవాణ్ణి. నీళ్ళయితే వార్లాక్‌ని తిట్టేవాణ్ణి. పాపం ఆ జాగిలాలు అప్పటికి అరమైలు అవతల నక్క వెంట బుద్ధిగా పరిగెత్తుతూ ఉండేవి. పెల్‌కి మతి చలించింది, లేని జాగిలాల మీద కేకలేస్తున్నాడని రైతులు నవ్వుకునేవారు. నవ్వుకోనీ. దొరగారు కంచె దూకి అవతల క్షేమంగా దిగేవారు. నాకు కావలసింది అదే.

ఈ నాటకం మూడు చలికాలాలు సాగిందంటే సగం ఘనత మార్క్విస్‌ది. అది ఆయన పాత బూడిదరంగు గుర్రం. ప్రతి కంచె, ప్రతి గుంట దానికి కంఠతా వచ్చు. కళ్ళెం వదిలేసినా మనిషిని ఇంటికి చేర్చేది. ఆ జులైలో కడుపునొప్పి వచ్చి చచ్చిపోయింది. తరవాత కొన్న ఎర్రగుర్రానికి కాళ్ళలో బలం ఉంది, బుర్రలో ఏమీ లేదు. అక్టోబరులో ఒక పొద్దున నేను "ట్రింకెట్" అనేలోపే అది అడ్డదిడ్డంగా కంచె మీదికి పోయింది. దొరగారు ఎగిరి నేలమీద పడ్డారు. విరిగిన కట్టె మొన ఆయన గొంతుకు బెత్తెడు దూరంలో మట్టిలో దిగింది. ఆయన లేచి కోటు దులుపుకుని, "కుందేలు బొరియలో కాలు పడింది!" అని అందరికీ వినబడేలా నవ్వారు. నేను ఆ కట్టె పీకి గుంటలోకి విసిరేశాను.

ఆ మధ్యాహ్నం గుర్రాల కొట్టంలో, పక్కన ఎవరూ లేకుండా చూసి కదిపాను.

"ఇంక చాలు దొరగారూ. పడ్డం వేరు, చావడం వేరు."

"నువ్వు నాకన్నా ఏడేళ్ళు చిన్నవాడివి ఏమస్. అప్పుడే ముసలమ్మలా సణక్కు."

"నవంబరు మొదటి సోమవారం పెద్ద వేట. పొదలోంచి లేచిన నక్క ఏటా బ్రాంట్ కాలువకే పోతుంది. ఈ గుర్రంతో ఆ కాలువ దూకుతారా?"

"ఇరవై ఐదేళ్ళు దూకాను."

"అప్పుడు మీకు కళ్ళున్నాయి. అవి పోయాక మార్క్విస్ ఉంది."

అనకూడని మాట. కానీ నా గుండెలో ఉన్నదదే. బ్రాంట్ కాలువ పద్దెనిమిది అడుగుల వెడల్పు. గట్లు కింద కోసుకుపోయి పైన పెంకులా నిలబడి ఉంటాయి. గుర్రం ఎక్కడ కాలు ఎత్తాలో స్వారీ చేసేవాడి కన్ను చెప్పాలి. అడుగు ముందెత్తినా, అడుగు వెనకెత్తినా గుర్రమూ మనిషీ కలిసి గట్టు కిందికి పోతారు. కేకలేసి చెప్పే పని కాదది. రెండేళ్ళ కిందట కళ్ళు బాగున్న మనిషే అందులో నడుం విరిగి పోయాడు.

దొరగారు గుర్రం మెడ నిమిరారు.

"మా నాన్న చివరి పదేళ్ళు ఎలా గడిపాడో నువ్వు చూశావుగా. కిటికీ పక్కన కుర్చీ, మోకాళ్ళ మీద దుప్పటి. బయట వేట బూర వినబడితే చాలు, ఏడ్చేవాడు. నన్ను ఆ కుర్చీలో కూచోబెట్టేవాడు ఎవడైనా సరే, వాడు నాకు పగవాడు. నా కళ్ళ సంగతి నీ నోటి నుంచి రాదని మాటివ్వు."

ఇచ్చాను. ఇవ్వక ఏం చేస్తాను? నేను ఎవరి దగ్గర పని నేర్చుకున్నానో, ఎవరి మాట మీద ఈ ఇరవై ఐదేళ్ళూ తలెత్తుకు తిరిగానో ఆ మనిషి నా ముందు నిలబడి, నేను ఉన్న చోటికి ఒక అడుగు పక్కన చూస్తూ అడుగుతున్నారు.

ఈలోగా పటం వచ్చి పడింది. దొరగారు వేటకు పెద్దగా ఉండి ఇరవై ఐదు చలికాలాలు నిండాయని రైతులూ, చుట్టుపక్కల పెద్దమనుషులూ చందాలు వేసుకుని లండన్ నుంచి ఒక చిత్రకారుణ్ణి పిలిపించారు. పేరు లూకస్ ఫెన్. మఖ్మల్ టోపీ, సన్నటి వేళ్ళు. గుర్రం తుమ్మితే నాలుగడుగులు వెనక్కి వేసేవాడు. అటువంటివాడు వేటగాడి బొమ్మ ఏం వేస్తాడని నేను మొదటిరోజే పెదవి విరిచాను. కానీ నిజం చెప్పొద్దూ, దొరగారిని మాత్రం అచ్చంగా దించాడు. నిలువెత్తు బొమ్మ. ఎర్రకోటు, చేతిలో కొరడా, వెనక గుర్రం, కాళ్ళ దగ్గర నాలుగు జాగిలాలు. మూడు వారాలు కూచోబెట్టి వేశాడు.

ఒకరోజు కుంచెలు కడుక్కుంటూ నాతో అన్నాడు:

"మీ దొరగారు చిత్రమైన మనిషండీ, మిస్టర్ పెల్. ఎంత గొప్పవాళ్ళయినా మధ్యలో లేచొచ్చి తమ ముక్కు ఎలా వచ్చిందో చూసుకుంటారు. ఈయన ఒక్కసారీ రాలేదు."

"ఆయనకి ఆ పిచ్చి లేదండి."

"అయ్యుండొచ్చు. కళ్ళు మాత్రం ఆయన పాత బొమ్మ ఒకటి మేడమీద ఉంటే, దాన్ని చూసి వేశాను."

అతనికి తెలిసిపోయిందో లేదో నేను అడగలేదు. అతనూ చెప్పలేదు.

అసలు చిక్కు బొమ్మ వేయించడంతో కాదు, దాన్ని అందుకోవడంతో వచ్చింది. మావాళ్ళకు దొర ముక్కు సరిగా వచ్చిందా అన్నది ముఖ్యం కాదు, జాగిలం చెవి సరిగా వచ్చిందా అన్నది ముఖ్యం. వేట పెద్దకు పటం ఇచ్చే రోజున గుడ్డ తీయగానే ఆయన దాని ముందు నిలబడి, అందులో ఉన్న జాగిలాలను ఒక్కొక్కటే వేలితో చూపించి పేరు చెప్పాలి. ఒక్కోదాని తల్లి ఎవరు, ఏ నక్కను ఎన్ని మైళ్ళు తరిమింది, ఒక ముక్క చెప్పాలి. అది ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. పేరు చెప్పలేని వాడికి జాగిలాలు ఉంచుకునే హక్కు లేదని మా తాతల కాలం నుంచీ అనుకుంటారు. ఆ పండగ పెద్ద వేటకు రెండు రోజుల ముందు, శనివారం నాడు పెట్టారు.

దీనికి తోడు కెప్టెన్ గైల్స్ ఒకడు. దొరగారి మేనల్లుడు, వారసుడు కూడా. సెప్టెంబరులో ఒకనాడు దొరగారి ఎదుట చెయ్యి చాచి, పలకరించకుండా ఊరికే నిలబడ్డాడు. దొరగారు ఆ చెయ్యి అందుకోలేదు. కెప్టెన్ చెయ్యి వెనక్కి తీసుకుని నా వంక చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిస్తుంది.

సరే, చేయగలిగింది చేశాం. ఫెన్ భోజనానికి వెళ్ళినప్పుడు నేను లోపలికి దూరి, చట్రం అంచు నుంచి ప్రతి జాగిలం ఎంత దూరంలో ఉందో జానలతో కొలిచి వచ్చాను. జీన్లు పెట్టే గది తలుపు మీద సుద్దతో అదే కొలతలో గీతలు గీశాను. దొరగారు రోజూ పొద్దున వచ్చి ఆ తలుపు ముందు నిలబడి పాఠం అప్పగించేవారు.

"ఎడమ అంచు నుంచి జాన, నాలుగు వేళ్ళు. నా నడుమెత్తున," అనేవారు ఆయన, వేలు పెట్టి.

"రాంటర్. కుడి చెవి చిరిగి ఉంటుంది."

"దానికి రెండు జానల అవతల?"

"ట్రింకెట్. కూచుని ఉంది, మీ వంక చూస్తోంది."

"నా బూటు పక్కన బెల్‌మన్."

"నల్ల వీపు, దొరగారూ. తల కొంచెం ఎత్తి ఉంది."

"బెల్‌మన్ గురించి నువ్వు నాకు చెప్పక్కర్లేదోయ్. వాడు పుట్టిన రాత్రి నేను కొట్టంలోనే పడుకున్నాను. ఇక గుర్రం గిట్ట దగ్గర వార్లాక్."

"పడుకుని ఉన్నాడు."

"పటంలో కూడా పడుకున్నాడూ, సోమరి వెధవ!"

ఇద్దరం పగలబడి నవ్వాం. తప్పు చేస్తున్నానని తెలిసి కూడా ఆ పది రోజులూ నేను సంతోషంగానే ఉన్నాను. పదో రోజుకి ఆయన వేలు ఒక్క అంగుళం తప్పలేదు.

హెస్టర్ మాత్రం ఊరుకోలేదు. రొట్టెపిండి పిసుకుతూ, నా మొహం చూడకుండానే దులిపేసింది.

"ఏమయ్యా, నువ్వాయనకి సాయం చేస్తున్నాననుకుంటున్నావా? శనివారం ఆయన్ని గట్టెక్కించి సోమవారం కాలవలోకి తోస్తావు. అంతేగా?"

"మాటిచ్చానే."

"అయితే సోమవారం ఆ మాటే కప్పి పడుకోబెట్టు ఆయన్ని."

నేను టోపీ పెట్టుకుని బయటికి పోయాను.

ఇక నా తెలివితక్కువతనం. గురువారం నాడు చివరిసారి కొలతలు సరిచూద్దామని వెళితే ఫెన్ అక్కడే ఉన్నాడు. సరే, పలకరించి వచ్చేయొచ్చు. కానీ నా కన్ను బెల్‌మన్ మీద పడింది. ఇరవై ఐదేళ్ళుగా జాగిలాలతో బతికినవాణ్ణి, అది చూసి నోరు మూసుకోలేకపోయాను.

"మిస్టర్ ఫెన్, ఇది బెల్‌మన్ కాదు."

"ఏం, ఏమైందండీ?"

"గొర్రెని చూసి వేసినట్టున్నారు ఆ తల. ఆ భుజం చూడండి. ఆ భుజంతో వాడు గట్టు దూకితే అక్కడే విరుగుతుంది. శనివారం అంతా దొరగారిని వదిలేసి దీన్ని చూసి నవ్వుతారు."

ఫెన్ మొహం మాడ్చుకున్నాడు. "సరిచేస్తాను" అన్నాడు పొడిగా. తల సరిచేస్తాడనుకున్నాను. బెల్‌మన్ అక్కడే ఉంటాడు, కాకపోతే కాస్త అందంగా ఉంటాడు, అంతే కదా అనుకున్నాను. పైగా మంచి పని చేశానని ఇంటికొచ్చి ఒక గ్లాసు బీరు కూడా తాగాను.

శనివారం మధ్యాహ్నం బ్లాక్ రామ్ సత్రం మేడమీద హాల్లో విందు. ఎనభై మంది దాకా వచ్చారు. కాల్చిన గొడ్డుమాంసం, పంది మాంసం కూరిన రొట్టెలు, పీపాలకు పీపాలు బీరు. హాలు చివర చెక్క చట్రం మీద, ఆకుపచ్చ గుడ్డ కింద పటం. దొరగారు తన కుర్చీ నుంచి దానికి పద్నాలుగు అడుగులని ముందే లెక్క పెట్టుకున్నారు. నేనూ, కొరడాలతో జాగిలాలను అదుపులో ఉంచే మా మనుషులూ ఆనవాయితీ ప్రకారం టోపీలు చేత పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాం. ముసలి రైతు డౌస్ అందరి తరఫునా నాలుగు మాటలు చెప్పబోయి, రెండు చెప్పి కూచున్నాడు. కెప్టెన్ గైల్స్ వెళ్ళి గుడ్డ లాగాడు.

హాలంతా చప్పట్లు. పటంలోంచి మా దొరగారు దూరంగా ఉన్న గుట్ట వంక చూస్తున్నారు. ఆ కళ్ళు నాకు బాగా తెలుసు, అవి ఒకప్పుడు రెండు పొలాల అవతల నక్క చెవి కదిలితే పట్టేవి. తరవాత నా చూపు మా అందరి చూపుల్లాగే జాగిలాల మీదికి దిగింది. రాంటర్. ట్రింకెట్. దొరగారి బూటు పక్కన...

నా పైప్రాణాలు పైనే పోయాయి.

అక్కడ బెల్‌మన్ లేడు. ఫ్రోలిక్ ఉంది. ఫ్రోలిక్ కూడా మా జాగిలమే, కానీ ఆడది, దాదాపు తెలుపు, చెవుల దగ్గర నిమ్మపండు రంగు మచ్చలు. బెల్‌మన్ తల తనకు ఎంతకీ కుదరలేదనీ, బిస్కట్ల ఆశతో ఫ్రోలిక్ కదలకుండా కూచునేదనీ, దాని బొమ్మలు తన పుస్తకంలో బోలెడు ఉన్నాయనీ, అందుకే బెల్‌మన్‌ని చెరిపేసి దాన్ని వేశాననీ ఫెన్ తరవాత చెప్పాడు. నేను తిట్టిన తిట్టుకు ఫలితం అది. నేను కాక ఇంకెవరూ ఆ పని చేసి ఉండరు.

దొరగారు అప్పటికే లేచారు. పద్నాలుగు అడుగులూ తడబడకుండా వేశారు. ఎడం చెయ్యి చట్రం అంచు మీద పెట్టి, ఏదో చేత్తో తడిమి మురిసిపోతున్నట్టు జాన పరిచారు. నేను జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయాను.

"ఏవోయ్ పెల్, కాళ్ళు తొక్కుతావేం?" అని ఎవరో కసిరారు.

"రాంటర్," అన్నారు దొరగారు. వేలు సరిగ్గా రాంటర్ మెడ మీద. "కాల్డ్‌వెల్ చెట్లలోంచి లేచిన నక్కను పదకొండు మైళ్ళు తరిమాడు. ఆ చెవి చింపింది నక్క కాదు, డౌస్ వాళ్ళావిడ పిల్లి."

హాలు గొల్లుమంది. డౌస్ బల్ల మీద గుద్దుతూ నవ్వాడు. ఇంకా నాకూ ఆయనకూ మధ్య మూడు బల్లలున్నాయి.

"ఇది ట్రింకెట్. నాకన్నా తెలివైంది. కెప్టెన్‌కన్నా చాలా తెలివైంది."

మళ్ళీ నవ్వు. కెప్టెన్ కూడా నవ్వాడు, కానీ అతని చూపు మూడో జాగిలం మీదే ఉంది. ఇంకా రెండు బల్లలు. దగ్గుదామనుకున్నాను. దగ్గినా ఏం అర్థమవుతుంది ఆయనకు? దగ్గుకు మేం ఏ అర్థమూ పెట్టుకోలేదు.

దొరగారి వేలు బూటు పక్కకు జరిగి ఆగింది.

"ఇక వీడు. వీడి గురించి చెప్పాలంటే సాయంత్రం అవుతుంది. నా బెల్‌మన్. ఈ నల్ల వీపు పొదల్లోంచి బయటపడితే చాలు, ఆ రోజు నక్క దొరికినట్టే."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ దగ్గలేదు. ఎనభై మంది తెల్లటి ఫ్రోలిక్ మీద ఆయన వేలును చూస్తున్నారు. కూతురి పేరు తప్పు చెప్పినా మావాళ్ళు మరుపు అనుకుంటారు. జాగిలం విషయంలో అలా అనుకునేవాడు ఆ హాల్లో లేడు. కన్నున్నవాడెవడూ ఆ తప్పు చేయడని ఒక్కొక్కరి మొహంలోనూ తెలుస్తోంది.

దొరగారు నిశ్శబ్దం విన్నారు. వేలు వెనక్కి తీసుకుని బొటనవేలితో రుద్దారు. అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. ఎప్పుడో పూర్తయిన బొమ్మ ఒక్క చోట తడిగా ఎందుకుంటుంది? మా దొరగారు తెలివితక్కువవారు కాదు.

అప్పుడు డౌస్ లేచాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, కళ్ళనిండా నీళ్ళు.

"అవును దొరగారూ, బెల్‌మనే," అన్నాడు. "ముమ్మూర్తులా వాడే."

"బెల్‌మనే, ఇంకెవరు?" అన్నాడు పక్కనున్న గుర్రాల వైద్యుడు.

"ఆ వీపు చాలదూ!" అన్నాడు ఇంకొకడు.

ఒకరి వెనక ఒకరు. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. జన్మలో జాగిలం విషయంలో అబద్ధమాడని మనుషులు, తెల్ల జాగిలాన్ని నల్లదని హాలు అదిరిపోయేలా చెప్పారు. నా జనం మీద నాకు అంత ప్రేమ అంతకు ముందెప్పుడూ కలగలేదు. ఏడుపు వచ్చింది. బతికిపోయాం అనుకున్నాను.

ఆ తరవాత కెప్టెన్ గైల్స్ నోరు విప్పాడు.

"బెల్‌మనే మామయ్యా," అన్నాడు, ఎంతో ముద్దుగా. "భలే కుదిరాడు. సోమవారం బ్రాంట్ దగ్గర మీ వెనకే ఉంటాను. మీరు దూకుతుంటే చూడాలని ఉంది."

అతని మనసులో ఏముందో నాకు తెలియదు. మంచికే అన్నాడేమో, దేవుడికే ఎరుక. నాకు మాత్రం ఆ మాటతో మత్తు దిగిపోయింది. ఇప్పుడు ఎనభై మందికీ తెలుసు. ఎనభై మందీ ప్రేమకొద్దీ నోరు మూసుకుంటారు. సోమవారం ఆయన కాలువ వైపు గుర్రాన్ని వదులుతుంటే టోపీలు తీసి పక్కకు తప్పుకుని దారిస్తారు. అందరికన్నా ముందు, వార్లాక్ పేరు అరుస్తూ, నేనుంటాను.

"పెల్ ఎక్కడ?" అన్నారు దొరగారు.

"ఇక్కడే దొరగారూ."

ఆయన నా గొంతు వైపు తిరిగారు. తడి వేలు చూపించారు.

"వీళ్ళంతా బెల్‌మనే అంటున్నారు. నువ్వు చెప్పు. ఇదెవరు?"

ఒక్క మాట. అవునంటే చాలు. నవ్వుతూ కుర్చీకి వెళ్ళి కూచుంటారు, నా మాట నిలబడుతుంది. డౌస్ నా వంక చూసి తల ఆడిస్తున్నాడు, అను, అను అన్నట్టు. అంతమంది చూపులూ నా మీదే. దొరగారి మొహంలో భయం లేదు. నేనున్నానన్న ధీమా ఉంది. దాన్ని చూడలేక నేల చూశాను.

"ఫ్రోలిక్, దొరగారూ."

"బెల్‌మన్ కాదా?"

"కాదు."

"ఫ్రోలిక్ తెల్లటిది."

"దాదాపు తెలుపే, దొరగారూ."

"ఛీ, పెల్" అన్నాడు డౌస్, నెమ్మదిగా. దొరగారు జేబులోంచి రుమాలు తీసి వేలు తుడుచుకున్నారు, ఒక్కో గీతా శుభ్రంగా. తరవాత హాలు వైపు తిరిగారు.

"మిత్రులారా, నల్ల వీపుకీ తెల్ల వీపుకీ తేడా తెలియనివాడు మీకు పెద్దగా ఉండకూడదు. మీరంతా నా మీద దయతో అబద్ధమాడారు. ఆ దయ మరిచిపోను. సోమవారం పెల్ మిమ్మల్ని నడిపిస్తాడు. నేను గుర్రం ఎక్కను."

గొంతు ఎక్కడా వణకలేదు. కానీ వెనక్కి అడుగు వేయబోతే ఆయనకు దారి తప్పింది. పటానికీ కుర్చీకీ మధ్య పద్నాలుగు అడుగులు ఎటు నుంచి లెక్కపెట్టాలో తెలియక, చెయ్యి గాలిలో చాచి నిలబడిపోయారు. ఆయన్ని అలా ఎవరూ చూడలేదు. నేను ఒక్క ఉదుటున వెళ్ళి ఆ చేతి కింద నా చెయ్యి పెట్టాను. పట్టుకోగానే నేనెవరో ఆయనకు తెలిసిపోయింది.

"నువ్వు కాదు," అన్నారు.

గట్టిగా కూడా అనలేదు. నా చెయ్యి తీసేసి అలాగే నిలబడ్డారు, డౌస్ వచ్చి భుజం అందించేదాకా. ఇద్దరు ముసలివాళ్ళూ మెల్లగా నడుచుకుంటూ వెళ్ళారు. జనం నాకు చుట్టూ జాగా వదిలి దూరంగా జరిగారు.

ఆయన ఇంకో తొమ్మిది చలికాలాలు బతికారు. నన్ను పనిలోంచి తీసేయలేదు, జీతం తగ్గించలేదు, జాగిలాలకు ఏం కావాలన్నా మనిషి చేత పంపించారు. మాట మాత్రం లేదు. ఆదివారం చర్చి వాకిట్లో డౌస్ భుజం పట్టుకుని వస్తూ, నేను ఎదురైతే ఆయన నడక ఆగేది. నా అడుగుల చప్పుడు ఆయనకు తెలుసు. ఒక్క క్షణం అలా ఆగి, తల కొద్దిగా నా వైపు తిప్పి, మళ్ళీ సాగిపోయేవారు. తొమ్మిదేళ్ళూ ప్రతి ఆదివారం నేను ఆ వాకిట్లో ఆ వేళకే నిలబడ్డాను.